మూడోసారి లేచే మాట

మా అమ్మ దగ్గరున్న మాటలన్నీ ముందు పుట్టిన నేనే ఊడ్చుకుపోయాననీ, తరవాత వచ్చిన జాబెజ్‌కి గిన్నెలో ఏమీ మిగల్లేదనీ మా నాన్న నవ్వేవాడు. నిజమే అయ్యుంటుంది. క్వేకర్ల ఇంట్లో నాలాంటి వసపిట్ట పుట్టడం మా సభకే ఒక పరీక్ష. మా ప్రార్థనలో పాట లేదు, పూజారి లేడు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, నోరు మూసుకుని కూర్చుంటాం. ఎవరి లోపల వెలుగు మాటై లేస్తే వాళ్ళు లేచి చెబుతారు. ఎవరికీ లేవకపోతే పెద్దలిద్దరు చేతులు కలుపుతారు, సభ అయిపోతుంది, ఇళ్ళకి పోయి బఠానీ సూప్ తాగుతాం. నా జన్మలో ఒక్కసారి కూడా నేను లేవలేదు. నాకు లోపల లేచేవన్నీ వంటింటి మాటలే.

పెళ్ళి మాట నేను తలపెట్టలేదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముడికి వండిపెడుతూ, వాడి బడి ఎదురుగా ఉన్న ఇంట్లోనే ముసలిదాన్నయ్యాను. టేసీ పైల్ అంటే ఏటికి ఈ గట్టునా ఆ గట్టునా అందరికీ తెలుసు. నోటి వల్లే తెలుసు.

జాబెజ్ మా వాళ్ళ బడికి మాస్టారు. బెత్తం పట్టేవాడు కాదు. బడి లేని వేళంతా వాడికి ఒకటే పిచ్చి, మంచు. మంచు పడుతుంటే నా నల్ల శాలువా లాక్కుపోయి, దాని మీద పడిన రేకుల్ని భూతద్దంలో పిల్లలకి చూపించేవాడు. ఏరు గడ్డకట్టిందంటే ఇక మనిషి ఇంట్లో ఉండడు. వడ్రంగి బరమాతో గడ్డకి చిల్లులు పొడవడం, థర్మామీటరు దించడం, ముక్క కోసి ఎండకి పట్టి చూడడం. గడ్డ ఎంత మందం ఉందన్నది కాదు, లోపల ఎలా ఉందన్నదే లెక్క అనేవాడు. చలికాలం చివర్లో ఎండ తగిలి గడ్డ లోపల్లోపలే నిలువు పుల్లలుగా విడిపోతుందట. పైకి మూరెడు మందం, లోపల పుచ్చిన పన్ను. ఆ సంగతి రాసి పంపిస్తే ఫిలడెల్ఫియా పండితులు అచ్చు వేశారు కూడా.

"చూసి నమ్మొద్దు, తట్టి నమ్మండి" అని పిల్లలకి నేర్పేవాడు. బడికొచ్చే ప్రతి పిల్లవాడి చేతిలో ఒక కర్ర. బాగున్న గడ్డ ఖణీమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది.

మా రోడ్డు మీద కమ్మరి యోస్ట్ మా వాడు కాదు, జర్మన్ వాడు. వాడికి మా తమ్ముడంటే వేళాకోళం, ప్రేమ రెండూ.

"ఏం మాస్టారూ, ఇవాళ ఏరు ఏమంటోంది?" అని దారికాచి అడిగేవాడు.

"ఇంకో వారం మొయ్యగలనంటోంది."

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవడికీ తెలీదంటారు. మంచు పోకడ నీకు చెవిలో చెప్పి పోతుందా ఏంటి?"

నేను చెప్పబోయే చలికాలానికి ముందటేడు ఒక పొరపాటు జరిగింది. గడ్డ పుచ్చుతోంది, ఏటి మీద బళ్ళు తోలొద్దు అని జాబెజ్ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. జనం బుద్ధిగా వంతెన మీదుగా చుట్టు తిరిగి పోయారు. ఆ వెంటనే చలి మళ్ళీ బిగిసింది, గడ్డ రాయిలా నిలిచింది. ఇక చూడాలి. "నాన్నా పులి మాస్టారూ" అని యోస్ట్ కొలిమి దగ్గర మొదలుపెడితే, మా వాళ్ళు కూడా టోపీల కింద నవ్వుకున్నారు. జాబెజ్ రాత్రి రొట్టె సగం వదిలేశాడు.

అది ఒక దెబ్బ. రెండో దెబ్బ సభలో తగిలింది. ఒక మొదటి రోజున, అంటే బయటివాళ్ళు ఆదివారం అనే రోజున, మౌనంలో మా వాడు లేచి నిలబడ్డాడు. నేను బిత్తరపోయాను. మంచు రేకుకి ఆరు కొసలే ఎందుకుంటాయో, ఒక రేకు ఇంకో రేకులా ఎందుకుండదో, దేవుడి చెయ్యి వాటిని ఎంత తీరిగ్గా చెక్కిందో చెప్పడం మొదలుపెట్టాడు. వాడి మొహం దీపంలా ఉంది. పిల్లలు మెడలు చాచి విన్నారు. నేనైతే కళ్ళొత్తుకున్నాను.

ఆ వారంలోనే సభ పెద్దల్లో ఒకడైన ఎనాక్ స్టబ్స్ మా ఇంటికొచ్చాడు. మాలో మీరు, గారు లేవు. గవర్నరైనా నువ్వే, ఎనాక్ అయినా నువ్వే. వచ్చి వంటింట్లో కూర్చుని, మా పద్ధతి ప్రకారం చాలాసేపు ఉలకలేదు, పలకలేదు. నా సూప్ చల్లారిపోయింది.

"జాబెజ్, ఆ రోజు నువ్వు చెప్పింది బాగుంది" అన్నాడు చివరికి. "కానీ అది నీ బుర్రలోంచి వచ్చింది. లోపలి వెలుగులోంచి కాదు."

జాబెజ్ తలొంచుకున్నాడు. "రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది ఎనాక్?"

"మాట లేస్తే లోపలికి తొక్కెయ్యి. మళ్ళీ లేస్తే మళ్ళీ తొక్కెయ్యి. మూడోసారి కూడా లేచిందంటే అది నీది కాదు. అప్పుడు నిలబడు."

ఎనాక్ చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే మా ఆవు పాలు పితికిన మనిషి. ఆ మాట మంచికే చెప్పాడు. మంచికే చెప్పిన మాటలు చేసినంత చెరుపు తిట్లు చెయ్యవని నాకు ఆ తరవాతే తెలిసింది.

హల్డా సంగతి ఇప్పుడు చెప్పాలి. హల్డా కోట్స్ మంత్రసాని, మా సభ మనిషే, మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, నవ్వితే కిటికీ అద్దాలు కదిలేవి. కాన్పులకి ఏరు దాటాలి కదా, దాటే ముందు మా వాణ్ణి అడగడం అలవాటు చేసుకుంది. వాడు బరమా తిప్పుతుంటే పక్కన నిలబడి థర్మామీటరు పట్టుకునేది. ఊళ్ళో ఇంకెవరూ వాణ్ణి అన్ని ప్రశ్నలు అడగలేదు. ఒకరోజు వాడు ఇంటికొచ్చి బూట్ల మంచు దులపకుండా నా వంటిల్లంతా తడిపేస్తూ, "అక్కా, హల్డాని అడిగాను, సరేనంది" అన్నాడు. నలభై దాటిన వెధవ, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

నా పొయ్యి దగ్గరికి ఇంకో ఆడదొస్తుందని మొదట నాకు మంటగానే ఉంది, దాచను. కానీ హల్డా వచ్చి, "వదినా, నాకు వంట రాదు, నీ పొయ్యి నీదే, నాకు ఒక గిన్నె పెడితే చాలు" అంది. నన్ను వదినా అని పిలిచిన మనిషి అదివరకు లేదు. మర్నాడే వాళ్ళ కోసం నా మంచి దుప్పటి తీసి ఎండలో వేశాను.

మాలో పెళ్ళికి జంట రెండుసార్లు నెలసభ ముందు నిలబడాలి. ఒక నెల మనసులో మాట చెప్పాలి, మళ్ళీ నెల ఆ మాట మీదే ఉన్నామని చెప్పాలి. అప్పుడే సభ సరేనంటుంది. వీళ్ళు ఒకసారి నిలబడ్డారు. రెండోది మూడో నెలలో, అంటే బయటివాళ్ళు మార్చి అనే నెలలో, ఉంది.

రెండో నెల చివర ఆ మొదటి రోజున జాబెజ్ పొద్దున్నే ఏటికి పోయాడు. సభకి ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే మేమంతా మౌనంలో ఉన్నాం. మోచేతుల దాకా తడిసిన చొక్కాతో వచ్చి మగవాళ్ళ బల్ల చివర కూర్చున్నాడు. గడ్డ పుచ్చిపోయిందని వాడికి తెలిసింది. పెద్దలు చేతులు కలపగానే గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెబుదామనుకున్నాడు. సభ అయ్యేలోగా ఏరు దాటేవాళ్ళెవరుంటారు?

కాసేపటికి ఆడవాళ్ళ గుమ్మం తెరుచుకుంది. ఆవలి గట్టు రైతు, డోర్కస్ మొగుడు, నడుచుకుంటూ ఏరు దాటి వచ్చాడు. హల్డా చెవిలో ఏదో చెప్పాడు. డోర్కస్‌కి నొప్పులని మాకందరికీ అర్థమైంది. హల్డా సంచి తీసుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. బయట జారుడుబండికి గుర్రాన్ని కట్టిన చప్పుడు వినిపించింది. మా వాకిట్లోంచి ఎడమకి తిరిగితే వంతెన దారి, కుడికి తిరిగితే ఏరు. బండి కుడికి తిరిగింది. అందరం విన్నాం. ఆ చలికాలమంతా అందరి బళ్ళూ కుడికే తిరుగుతున్నాయి కాబట్టి నేను పట్టించుకోలేదు.

మధ్యనున్న తక్కువ ఎత్తు చెక్క గోడ మీంచి నాకు జాబెజ్ కనిపిస్తున్నాడు. మోకాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. కొంచెం లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మొహం పాలిపోయింది. పొద్దున తిన్న పంది మాంసం పడలేదేమో అనుకున్నాను, దేవుడి సాక్షిగా నాకంతకంటే ఏమీ తట్టలేదు. ఇంకాసేపటికి మళ్ళీ లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

మూడోసారి లేచాడు. సభలో మేమెప్పుడూ వినని గొంతుతో, "గడ్డ పుచ్చింది! హల్డా!" అని అరుస్తూ తలుపు తోసుకుని పరుగెత్తాడు.

వాడు గుమ్మం దాటకముందే ఏటి వైపు నుంచి గుర్రం అరుపు వినిపించింది.

గడ్డ విరిగి గుర్రం మునిగిపోయింది. యోస్ట్, వాడి కొడుకులు కంచె కర్రలు విసిరి హల్డానీ ఆ రైతునీ లాగారు. తడిసిన బట్టలతో, పళ్ళు కొట్టుకుంటూ, "వంతెన మీదుగా తోలు, కాన్పు నా కోసం ఆగదు" అని యోస్ట్ బండెక్కి కూర్చుంది హల్డా. వాళ్ళు చుట్టు తిరిగి చేరేసరికి డోర్కస్ ఒక్కతే ఉంది. తల్లి బతికింది. పేగు మెడకి చుట్టుకుని బిడ్డ పోయింది. ఒక చెయ్యి వేళకి ఉండుంటే చాలునట.

హల్డా మూడు వారాలు మంచం దిగలేదు. నేను రోజూ సూప్ పట్టుకెళ్ళేదాన్ని. ఒక రోజు జాబెజ్ కూడా వచ్చాడు. నిజం చెప్పడం మా వాళ్ళకున్న జబ్బు. అడగని నిజం కూడా చెబుతారు. వాడు మంచం పక్కన నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేశాడు.

"నాకు తెలుసు హల్డా. పొద్దున్నే తెలుసు."

"ఏం తెలుసు?"

"గడ్డ పుచ్చిందని."

హల్డా వాడి వైపు తిరిగింది. "నా బండి కుడికి తిరగడం విన్నావా?"

"విన్నాను."

"విని?"

"చెప్పాలనిపించింది. అది లోపలి మాటో, నా గొప్పో తేల్చుకుంటున్నాను. పోయినేడు కూడా తప్పు చెప్పాను కదా..."

నేను సూప్ గిన్నె మీద మూత పెట్టాను. కిటికీ మీద మంచు కరిగి కారుతోంది.

"నువ్వు తేల్చుకునేదాకా డోర్కస్ బిడ్డ ఆగలేదు జాబెజ్" అంది హల్డా.

అరిచినా బాగుండేది. ఆ పెద్ద గొంతు ఎక్కడ దాచుకుందో అంత చిన్నగా అంది.

మూడో నెల నెలసభలో ఇద్దరూ ఆడవాళ్ళ ముందు నిలబడ్డారు, పెళ్ళి మాట మొదట వినేది వాళ్ళే. సభ నడిపే ఆవిడ, మీ మాట మీద ఉన్నారా అని అడిగింది. జాబెజ్ ఉన్నానన్నాడు. హల్డా నేల చూపులు చూస్తూ, "ఇవాళ నా లోపల తేటగా లేదు. వచ్చే నెలకి ఉంచండి" అంది.

ఉంచారు. మాలో అలా ఉంచిన సంగతిని ఆ ఇద్దరిలో ఒకరు లేచి ఎత్తేదాకా మూడో మనిషి ఎత్తకూడదు. తోడబుట్టినదైనా సరే. తొందరపెట్టడం వెలుగుకి అడ్డం పడడం అంటారు. వచ్చే నెల వచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు, ఎవరూ లేవలేదు. ఆ పై నెలా అంతే. మౌనం అర్ధాంగీకారం అంటారే, అది ఏ ఊళ్ళోనో గానీ మా ఊళ్ళో కాదు.

హల్డా ఆవలి గట్టుకి మారిపోయింది, డోర్కస్ ఇంటి పక్కకి. ఆ తరవాత డోర్కస్ కన్న ముగ్గురికీ తనే పురుడు పోసింది. సభకి వంతెన మీదుగానే వచ్చేది, ఎంత చలి బిగిసినా ఏటి మీద కాలు పెట్టలేదు. గుమ్మంలో ఎదురుపడితే "బాగున్నావా జాబెజ్" అనేది, "బాగున్నావా టేసీ" అనేది. వదిన పోయి టేసీ మిగిలింది. దానికి నేను లోలోపల చాలా ఏడ్చాను, ఆ తరవాత కోపం తెచ్చుకున్నాను. కోపమైతే మోయడం తేలిక.

మా వాడికి ఒక అలవాటు పట్టుకుంది. నెలసభ ముందు రోజు పెళ్ళికని కుట్టించుకున్న బూడిదరంగు కోటు తీసి, బ్రష్షుతో దులిపి, కొక్కేనికి తగిలించేవాడు. మర్నాడు వేసుకుని వెళ్ళేవాడు. వచ్చి మడిచి పెట్టేవాడు.

"ఒరే, వెళ్ళి అడుగు" అన్నాను ఎన్నోసార్లు. "లేదంటే లేదంటుంది. పీడా పోతుంది. ఈ నాన్చుడేంటిరా?"

"తనకి తేటపడాలక్కా. నేను అడిగితే అది నా మాట అవుతుంది."

"నీ పెళ్ళికి నీ మాట కాకపోతే ఎనాక్ మాటా?"

వాడు నవ్వేవాడు కాదు. బరమా తీసుకుని ఏటికి పోయేవాడు. అప్పటినుంచి గడ్డ పుచ్చిన చోటల్లా కర్రలు పాతి నల్ల గుడ్డలు కట్టడం మొదలుపెట్టాడు. నా పాత గౌన్లన్నీ దానికే చిరిగాయి. ఆ గుడ్డలు చూసి యోస్ట్ కూడా వేళాకోళం మానేసి మారుమాట లేకుండా బండి వంతెన వైపు తిప్పేవాడు. మళ్ళీ మా ఏట్లో ఎవరూ మునగలేదు. ఫిలడెల్ఫియా వాళ్ళు వచ్చి మాట్లాడమని పిలిస్తే వెళ్ళాడు గానీ, మధ్యలో ఆగిపోయి కూర్చున్నాడట. సభలోనైతే మళ్ళీ లేవనే లేదు. ఎనాక్ స్టబ్స్ పోయే ముందు వాణ్ణి పిలిపించి, చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పబోయి ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు.

పోయిన చలికాలం మొదటి నెలలో జాబెజ్ వెళ్ళిపోయాడు. దగ్గు రొమ్ముకి దిగింది. నేల బిగిసిపోయి ఉంటే యోస్ట్ కొడుకులు గునపాలతో గుంట తవ్వారు. మేం రాళ్ళు పాతం, పేర్లు చెక్కం. చుట్టూ నిలబడి మౌనంగా ఉన్నాం. వాడి దగ్గర చదువుకున్న పిల్లలు, ఇప్పుడు గడ్డాలు నెరిసిన పిల్లలు, కర్రలు పట్టుకుని వచ్చారు.

అప్పుడు ఏటి వైపు నుంచి టక్ టక్ అని వినిపించింది. అందరం తిరిగి చూశాం. హల్డా. వంగిపోయిన నడుంతో, ఒక్కతే, కర్రతో గడ్డని తట్టుకుంటూ, ఆగి విని, ఒక అడుగు వేసి, మళ్ళీ తట్టుకుంటూ ఏరు దాటి వస్తోంది. ఆమెకి ఎవరూ ఎదురు వెళ్ళలేదు. వచ్చేదాకా మట్టి వెయ్యకుండా ఆగాం.

అంతా అయ్యాక నా వెనకే ఇంటికొచ్చింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఆమె తాగడం లేదు, కొక్కేనికున్న కోటు చూస్తోంది.

"ఇది ఆ కోటు కదూ."

"అదే."

"బయట ఎందుకుంది?"

"రేపు నెలసభ కదా. ఈసారి ముందుగానే, మంచం మీంచే బ్రష్షు అడిగి దులిపాడు. ప్రతి నెలా దులిపేవాడు."

"దేనికి?"

నాకు ఒళ్ళు మండింది. "దేనికా! నువ్వు లేచి చెబుతావేమోనని. ఇన్నేళ్ళూ ప్రతి నెలా కోటు వేసుకుని నీ నోటి వైపు చూస్తూ కూర్చున్నాడు. లేదని ఒక్క ముక్క అని ఉంటే కనీసం మామూలు చొక్కాతో సభకి పోయేవాడు!"

హల్డా కప్పు కింద పెట్టింది.

"లేదని నేనెప్పుడన్నాను?" అంది. "నేనూ ప్రతి నెలా కూర్చున్నాను టేసీ. ఈసారైనా లేస్తాడేమోనని. తొక్కెయ్యకుండా, తేల్చుకోకుండా, మొదటిసారికే. 'హల్డా, నన్ను చేసుకో' అని అంతమందిలో అరుస్తాడేమోనని. ఆ రోజు అరిచాడు చూడు, ఆలస్యంగా, అలా. అరిచి ఉంటే అక్కడే వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. ఊరందరికీ తట్టి చూడమని చెప్పాడు. నన్ను ఒక్కసారి తట్టి చూడొద్దూ?"

నాకు ఆ క్షణంలో ఆమెనీ, మట్టి కింద ఉన్న వాణ్ణీ, ఇద్దర్నీ నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది. బంగారంలాంటి మనుషులు. ఒకే కప్పు కింద, మధ్యలో నడుమెత్తు చెక్క గోడ పెట్టుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందని జీవితం గడిపేశారు. దానికి ఇద్దరూ దేవుడి పేరు పెట్టుకున్నారు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. హల్డా అంతకు ముందే ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

లేచి వెళ్ళి కోటు చేత్తో తడిమింది. కాలరు దగ్గర ఎప్పుడో నేను వేసిన కుట్టు మీద వేలు పెట్టింది.

"దీన్ని ఏం చేస్తావు, వదినా?"

ఆ పిలుపు వినగానే మాట నా గొంతు దాకా లేచింది. నేను తొక్కెయ్యలేదు.

"నీది" అన్నాను. "తొడుక్కో. బయట చలిగా ఉంది."